క్రాప్స్ బల్ల మీద కోత లెక్క

1.56 లక్షల కోట్లలో ఒక్క వంతు! 2009లో అమెరికా పత్రికల్లో ఈ అంకె బాగా తిరిగింది. ఆ ఏడాది మే 23 రాత్రి అట్లాంటిక్ సిటీలోని బోర్గాటా క్యాసినోలో, న్యూజెర్సీకే చెందిన ఒక మహిళ క్రాప్స్ బల్ల దగ్గర పాచికలు అందుకుంది. 4 గంటల 18 నిమిషాల దాకా అవి ఆమె చెయ్యి దాటి పోలేదు. మొత్తం 154 విసుర్లు. క్రాప్స్ ఆడటం ఆమెకు అది రెండోసారి. అంతకు ముందు అందరూ చెప్పుకునే రికార్డు 118 విసుర్లు. 1989 మే నెలలో లాస్ వేగాస్‌లోని కాలిఫోర్నియా హోటల్లో, హవాయి నుంచి వచ్చిన ఒకాయన 3 గంటల 6 నిమిషాల పాటు ఆడి నెలకొల్పిన రికార్డు అది. దాన్ని దాటిన బోర్గాటా ఆటకు అవకాశం ఎంత అని ఆరా తీస్తే పత్రికలకు దొరికిన జవాబే ఆ లక్షల కోట్ల లెక్క.

ఆ లెక్క తప్పు. ఎక్కడ తప్పిందో తెలిస్తే క్రాప్స్ సగం తెలిసినట్టే. గెలుపు ఖాయం అంటూ అమ్ముడుపోయే పందెం పద్ధతుల్లో సరుకెంతో కూడా దాంతోపాటే తేలుతుంది.

ముందు ఆట సంగతి. రెండు పాచికలు. విసిరేవాళ్లను షూటర్ అంటారు. బల్ల చుట్టూ పదీ పదిహేను మంది నిలబడి అదే విసురు మీద పందేలు కాస్తారు. పేకాట బల్లల దగ్గర ఎవరి ముక్కలు వాళ్లవి. ఇక్కడ ఒకరి చెయ్యి బాగుంటే బల్లంతా బాగుపడుతుంది. క్యాసినోలో కేకలూ చప్పట్లూ ఎక్కువగా ఈ మూల నుంచే వినిపించడానికి కారణం అదే.

ప్రధాన పందెం పేరు పాస్ లైన్. తొలి విసురులో రెండు పాచికల మొత్తం 7 గానీ 11 గానీ అయితే గెలుపు. 2, 3, 12 పడితే ఓటమి. మిగిలిన 4, 5, 6, 8, 9, 10లలో ఏది పడితే అది ‘పాయింట్’ అవుతుంది. ఇక అక్కడి నుంచి రెండే అంకెలు ముఖ్యం. 7 కన్నా ముందు పాయింట్ మళ్లీ పడితే గెలుపు. పాయింట్ కన్నా ముందు 7 పడితే ఓటమి. ఈ రెండో దాన్ని సెవెన్ ఔట్ అంటారు. పాచికలు పక్కవాళ్లకు అప్పగించాల్సి వచ్చేది అప్పుడే. తొలి విసురులో 2 పడి డబ్బు పోయినా పాచికలు మాత్రం షూటర్ దగ్గరే ఉంటాయి.

అంటే ఈ ఆటలో 7కు రెండు వేషాలు. తొలి విసురులో వరమిచ్చే దేవత, పాయింట్ పడ్డాక యముడు. పత్రికల లెక్క ఈ మొదటి వేషాన్ని మరిచిపోయింది. ఒక విసురులో 7 పడకుండా ఉండే అవకాశం ఆరింట అయిదు వంతులు. దాన్ని 154 సార్లు హెచ్చవేస్తే సరిగ్గా 1.56 లక్షల కోట్లలో ఒకటి వస్తుంది. కానీ బోర్గాటా మహిళ 154 విసుర్లలో ఒక్క 7 కూడా వేయలేదని ఎవరూ అనలేదు. తొలి విసుర్లలో ఆమెకు 7లు పడి ఉండొచ్చు. పడితే ఆమె గెలిచేదే తప్ప ఆట ముగిసేది కాదు.

సరైన లెక్క 2010లో ఇద్దరు గణితవేత్తలు కట్టారు. ఒకరు యూటా విశ్వవిద్యాలయానికి చెందిన స్టువర్ట్ ఈథియర్, మరొకరు కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెడ్ హోప్. షూటర్ ఎప్పుడూ నాలుగు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటాడు: తొలి విసురు, పాయింట్ 4 లేదా 10, పాయింట్ 5 లేదా 9, పాయింట్ 6 లేదా 8. అయిదోది సెవెన్ ఔట్, అందులో పడ్డాక తిరిగి రావడం లేదు. ఒక స్థితి నుంచి మరో స్థితికి వెళ్లే అవకాశం ఇప్పుడున్న స్థితిని బట్టే ఉంటుంది, అంతకు ముందు ఏం జరిగిందన్న దానితో పని లేదు. గణితంలో దీన్ని మార్కోవ్ గొలుసు అంటారు. ఆ గొలుసును 154 విసుర్ల దాకా సాగదీస్తే వచ్చిన జవాబు 560 కోట్లలో ఒకటి. పత్రికలు రాసిన దానికన్నా దాదాపు 280 రెట్లు ఎక్కువ అవకాశం. ఒక షూటర్ వంతు సగటున నిలిచేది మాత్రం ఎనిమిదిన్నర విసుర్లే.

560 కోట్లలో ఒకటి అన్నా నమ్మశక్యం కాదు అనిపిస్తుంది. కొంచెం లెక్క వేద్దాం. గంటకు 100 విసుర్లు పడే బల్ల మీద గంటకు పన్నెండు మంది దాకా షూటర్లు మారతారు. రోజంతా నడిస్తే 280, ఏడాదికి లక్ష పైచిలుకు వంతులు. ప్రపంచంలో ఇలాంటివి వెయ్యి బల్లలు రాత్రీ పగలూ నడుస్తున్నాయని ఊహించుకుంటే, ఏడాదికి పది కోట్ల వంతులు. ఆ లెక్కన 154 విసుర్ల వంతు సగటున 54 ఏళ్లకు ఒకసారి రావాలి. ఎవరికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఎవరో ఒకరికి, ఎప్పుడో ఒకప్పుడు రావడం మాత్రం వింత కాదు. ఆట కొత్తగా నేర్చుకున్న మనిషికే అది రావడంలో ఒక చక్కదనం ఉంది: ఏళ్ల తరబడి పద్ధతులు సాధన చేసిన వాళ్లెవరూ ఆ రాత్రి ఆమె దరిదాపుల్లో లేరు.

ఇక డబ్బు సంగతి. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. 7 పడటానికి 6 దారులు, 6కూ 8కీ అయిదేసి, 5కూ 9కీ నాలుగేసి, 4కూ 10కీ మూడేసి, 3కూ 11కూ రెండేసి, 2కూ 12కూ ఒక్కొక్కటి. ఆటంతా ఈ ఒక్క పట్టిక మీదే నిలబడింది. పాయింట్ 4 అనుకోండి. గెలిపించే దారులు 3, ముంచే దారులు 6. కాబట్టి తొమ్మిదింట మూడు వంతుల అవకాశం. పాయింట్ 6 అయితే పదకొండింట అయిదు. ఇలా అన్నీ కూడితే పాస్ లైన్ మీద కాసిన 1980 పందేల్లో సగటున 976 గెలుస్తాయి, 1004 ఓడతాయి. తేడా 28. కాసిన ప్రతి వంద డాలర్లలో క్యాసినోకు దక్కేది ఒక డాలరు 41 సెంట్లు. దీన్ని ఇక్కడ కోత అందాం.

ఎంత చిన్న కోతో చూడండి! అమెరికాలో రెండు సున్నాలున్న రౌలెట్ చక్రం మీద ఇది 5.26 శాతం. క్రాప్స్ మీద పందెం పద్ధతుల సాహిత్యం ఇంతగా పెరగడానికి ఈ చిన్నతనమే కారణం అనుకుంటాను. 49.3 శాతం గెలుపు అనగానే మిగతా ముప్పాతిక శాతం తెలివితో పూడ్చలేమా అనిపిస్తుంది.

ఈ ఆట పాత ఇంగ్లిష్ జూదమైన హజార్డ్ నుంచి పుట్టింది. ఫ్రెంచి గణితవేత్త పియర్ రెమాన్ ద మాన్‌మోర్ 1708లో అచ్చయిన తన గ్రంథంలో హజార్డ్ లెక్కలు చర్చించాడు. 19వ శతాబ్దం మొదట్లో బెర్నార్డ్ ద మారిన్యీ అనే భూస్వామి న్యూ ఆర్లియన్స్‌లో దీన్ని వ్యాప్తి చేశాడు. తన భూమిని ఇళ్లస్థలాలుగా అమ్మినప్పుడు ఒక వీధికి ఈ ఆట పేరే పెట్టాడంటే పిచ్చి ఎంతో తెలుస్తుంది. కానీ ఆటను ఇవాళ్టి రూపానికి తెచ్చింది పాచికల తయారీదారు జాన్ విన్. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో షూటర్ ఓడతాడని కూడా పందెం కాసే వీలు ఆయన కల్పించాడు. అంతవరకూ బల్ల యజమాని దొంగ పాచికలు పెడితే ఆటగాళ్లకు దిక్కు లేదు. రెండు వైపులా కాసే వీలుంటే దొంగ పాచికలు ఎటు మొగ్గినా పసిగట్టినవాడు అటే కాస్తాడు. నీతి బోధించకుండా నియమం మార్చి మోసాన్ని అరికట్టిన పద్ధతి ఇది.

షూటర్ మీద ఎదురు పందేన్ని డోంట్ పాస్ అంటారు. పాస్ లైన్‌లో క్యాసినోకు 28 లాభం వస్తున్నప్పుడు, దాన్ని తిరగేస్తే ఆ 28 ఆటగాడికి రావాలి కదా? అక్కడే చిన్న మెలిక పెట్టారు. తొలి విసురులో 12 పడితే డోంట్ పాస్ గెలవదు, ఓడదు. ఆ ఒక్క నియమంతో 1980 పందేల్లో 55 గెలుపులు గాలిలో కలిసిపోతాయి. మిగిలేవి 949 గెలుపులు, 976 ఓటములు. కోత 1.36 శాతం. పాస్ లైన్ కన్నా వెంట్రుకవాసి మేలు. అయినా దీని మీద కాసేవాళ్లు తక్కువ, ఎందుకంటే బల్లంతా సంబరపడుతున్నప్పుడు ఏడుపు మొహం పెట్టాలి, బల్లంతా నిట్టూరుస్తున్నప్పుడు నవ్వాలి.

పాయింట్ పడ్డాక పాస్ లైన్ పందెం వెనక మరికొంత డబ్బు పెట్టొచ్చు. దాని పేరు ఆడ్స్. 4, 10 మీద ఒకటికి రెండు, 5, 9 మీద రెండుకు మూడు, 6, 8 మీద అయిదుకు ఆరు ఇస్తారు. పట్టికలోని దారులతో పోల్చి చూసుకోండి, పైసా తేడా ఉండదు. కోత సున్నా. ఇంత మంచి పందేనికి బల్ల గుడ్డ మీద గడి కూడా అచ్చువేయరు, తెలిసినవాళ్లు తెలుసుకుని పెట్టుకోవాలి. అందుకే ప్రతి పుస్తకమూ ఆడ్స్ దండిగా పెట్టమంటుంది. 4, 10 మీద మూడింతలు, 5, 9 మీద నాలుగింతలు, 6, 8 మీద అయిదింతలు పెడితే కోత 0.37 శాతానికి పడిపోతుందని చెబుతుంది.

శాతం పడిపోయిన మాట నిజమే. డబ్బులో ఏం మారింది? పది డాలర్ల పాస్ లైన్ మీద క్యాసినోకు సగటున 14 సెంట్లు. వెనక 50 డాలర్ల ఆడ్స్ పెట్టినా అదే 14 సెంట్లు. కోత తగ్గలేదు, దాన్ని భాగించే అంకె పెరిగింది. మారేది ఊగిసలాట. ఒక్కో పందెం మీద డబ్బు ఎగుడుదిగుళ్లు దాదాపు అయిదు రెట్లవుతాయి. పెద్ద గెలుపు కావాలనుకునేవాడికి అది మంచిదే. జేబులో తక్కువ డబ్బుతో సాయంత్రమంతా గడపాలనుకునేవాడికి అదే చేటు. ఈ రెండో సగం పుస్తకాల్లో ఉండదు.

బల్ల మధ్యలో రంగురంగుల గడులున్న చోటు వేరే లోకం. తర్వాతి విసురులో 7 పడుతుందని కాసే పందేన్ని ఎనీ సెవెన్ అంటారు. ఒకటికి నాలుగు ఇస్తారు, ఇవ్వాల్సింది అయిదు. కోత 16.67 శాతం. 4 గానీ 10 గానీ జంట ముఖాలతో పడాలనే హార్డ్‌వే మీద 11.11 శాతం. 2 గానీ 12 గానీ పడుతుందని కాస్తే ఒకటికి 30 ఇస్తారు, వినడానికి ఘనంగా ఉంటుంది. అసలు ఇవ్వాల్సింది 35. కోత 13.89 శాతం.

పద్ధతుల్లో అన్నిటికన్నా పాతది, ఇప్పటికీ చావనిది ఒకటి ఉంది. ఓడితే రెట్టింపు, గెలిస్తే మొదటికి. మార్టింగేల్ అని దాని పేరు. పది డాలర్లతో మొదలుపెట్టి ఓడిన ప్రతిసారీ 20, 40, 80, 160, 320, 640 అంటూ పోతే, ఎప్పుడు గెలిచినా అంతవరకూ పోయిందంతా తిరిగొచ్చి పది డాలర్లు మిగులుతాయి. ఏడుసార్లు వరసగా ఓడటం అరుదు గనక గెలుపు ఖాయం అంటారు. అరుదన్నది నిజమే, పాస్ లైన్ మీద 116 విడతల్లో ఒకసారే జరుగుతుంది. కానీ జరిగిన రోజు 1270 డాలర్లు పోయి ఉంటాయి. ఎనిమిదో పందేనికి 1280 కావాలి. బల్ల మీద గరిష్ఠ పందెం 1000 అని పలక ఉంటే కథ అక్కడితో సరి. ఇప్పుడు కూడండి: 115 విడతల్లో పదేసి చొప్పున 1150 వచ్చాయి, ఒక్క విడతలో 1270 పోయాయి. నికరంగా 116 విడతల్లో 120 డాలర్ల నష్టం. విడతకు ఒక డాలరు మూడు సెంట్లు.

ఆ ఒక డాలరు మూడు సెంట్లు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? ఈ పద్ధతిలో ఒక్కో విడతకు సగటున కాసే మొత్తం పందెం 73 డాలర్లు. 73లో 1.41 శాతం ఎంతో చూడండి. సరిగ్గా ఒక డాలరు మూడు సెంట్లే!

ఇది కాకతాళీయం కాదు. ప్రతి పందెం మీదా సగటు నష్టం ఆ పందెం మొత్తంలో 1.41 శాతం. ఆ మొత్తాన్ని ఎందుకు ఎంచుకున్నారు, అంతకు ముందు ఓడారా గెలిచారా అన్నది పాచికలకు పట్టదు. కాబట్టి ఎన్ని పందేలు ఎన్ని రకాలుగా పేర్చినా మొత్తం సగటు నష్టం మొత్తం పందెంలో 1.41 శాతమే. రెట్టింపు చేసినా, ఒక్కో మెట్టు పెంచినా, ఫిబొనాచీ వరస పట్టుకున్నా, గెలిచినప్పుడే పెంచినా ఇంతే. ‘లాభంలో ఉన్నప్పుడు లేచిపోతాను’ అన్నవాడికీ ఇదే వర్తిస్తుంది. అప్పు దొరకడానికీ కాలానికీ హద్దులున్నంత వరకూ, ఎప్పుడు లేవాలన్న నియమం ఏదైనా సగటును మార్చలేదని అమెరికన్ గణితవేత్త జోసెఫ్ డూబ్ 1950ల నాటికే స్థిరపరిచాడు. మార్టింగేల్ నష్టాన్ని తీసివేయలేదు. 116 విడతల నష్టాన్ని మూటగట్టి ఒక్క విడతలో దాచింది. పద్ధతితో మారేది గెలుపు రూపం. చిన్న చిన్న గెలుపులు చాలా కావాలా, ఒకటే పెద్దది కావాలా అన్నది మన ఇష్టం. కోత మాత్రం మన చేతిలో లేదు.

రూపం ముఖ్యం కాదని కాదు. 1965లో లెస్టర్ డూబిన్స్, లియొనార్డ్ సావేజ్ కలిసి రాసిన గ్రంథం ఈ ప్రశ్ననే పట్టుకుంది. ఒకడి దగ్గర 1000 డాలర్లున్నాయి. తెల్లారేసరికి 2000 కావాలి, తక్కువైతే పనికిరాదు. కోత ఉన్న ఆట తప్ప వేరే దారి లేదు. ఎలా ఆడాలి? జాగ్రత్తపరుడు పదేసి డాలర్లు కాస్తాడు. పాస్ లైన్ మీద అలా ఆడితే 1000 పోగొట్టుకునే లోపు 2000 చేరే అవకాశం 5.6 శాతమే. వందేసి కాస్తే 43 శాతం. మొత్తం వెయ్యీ ఒక్క దెబ్బన పెడితే 49.3 శాతం. నెమ్మదిగా ఆడినవాడు ఎక్కువసార్లు కోత కట్టి కోతలోనే కరిగిపోతాడు. ప్రతికూలమైన ఆటలో పిరికితనమే ప్రమాదం అన్నది నాకు ఈ విషయమంతటిలో నచ్చిన ఫలితం.

ఆ గ్రంథం చదివాడో లేదో గానీ, దాన్ని అక్షరాలా అమలు చేసినవాడు విలియం లీ బెర్గ్‌స్ట్రామ్. 1980 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లోని బినియన్స్ హార్స్‌షూ క్యాసినోకు రెండు సూట్‌కేసులతో వచ్చాడు. ఒకదాని నిండా 7,77,000 డాలర్లు, రెండోది ఖాళీ. మొదటి పందెం ఎంతైతే అదే నీ హద్దు అన్నది ఆ క్యాసినో ప్రసిద్ధ నియమం. మొత్తం డోంట్ పాస్ మీద పెట్టాడు. షూటర్‌గా ఉన్న మహిళకు 6 పడింది, తర్వాత 9, ఆ తర్వాత 7. రెండో సూట్‌కేసు కూడా నిండింది. 1984లో మళ్లీ వచ్చాడు. మార్చిలో 5,38,000 పెట్టి గెలిచాడు. నవంబరులో పది లక్షల డాలర్లు పెట్టాడు. తొలి విసురులోనే 7 పడింది, మొత్తం పోయింది. 1985 ఫిబ్రవరిలో అతను చనిపోయాడు, ఆత్మహత్య. మూడు పెద్ద పందేల్లో రెండు గెలిచిన మనిషి, గణితం ప్రకారం ఉన్నంతలో ఉత్తమమైన ఎత్తుగడ వేసిన మనిషి. లెక్క ఒప్పు కావడం వేరు, ఆ లెక్కలోకి దిగడం వేరు.

ఆర్చీ కారాస్ కథ దీనికి వ్యతిరేకం. గ్రీసులో పుట్టిన ఈ పేకాటగాడు 1992 చివర జేబులో 50 డాలర్లతో వేగాస్ చేరి, అప్పు తెచ్చిన డబ్బుతో మొదలుపెట్టి, పోకర్, బిలియర్డ్స్, క్రాప్స్ ఆడి 4 కోట్ల డాలర్ల దాకా పెంచాడని వేగాస్ చరిత్రలో చెప్పుకుంటారు. 1995లో మూడు వారాల్లో అందులో చాలా భాగం పోయింది. ఒక్క పాచికల మీదే 1.1 కోట్లు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పోకర్‌లో ఎదురుగా ఉన్నది మనిషి, అక్కడ నేర్పు పని చేస్తుంది. ఆ నేర్పుతో సంపాదించింది తెచ్చి, నేర్పుకు చోటు లేని బల్ల మీద పోశాడు.

నేర్పుకు ఎక్కడ చోటుంటుంది? 1962లో గణితవేత్త ఎడ్వర్డ్ థోర్ప్ బ్లాక్‌జాక్‌లో ముక్కలు లెక్కబెట్టి క్యాసినోను ఓడించవచ్చని చూపాడు. పేకలోంచి వెళ్లిపోయిన ముక్క తిరిగి రాదు, కాబట్టి మిగిలిన పేక స్వభావం మారుతుంది, గతం గుర్తున్నవాడికి లాభం. మన భారతంలో నలోపాఖ్యానం గుర్తుందా? ఋతుపర్ణుడు తానిచెట్టు కొమ్మను చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పి, నలుడికి అక్షహృదయం నేర్పుతాడు. తెలుగులో నన్నయ అరణ్యపర్వంలో ఉన్న ఈ కథను తత్త్వవేత్త ఇయాన్ హాకింగ్ 1975లో సంభావ్యత పుట్టుక గురించి రాసిన పుస్తకంలో ప్రస్తావించాడు. ఆనాటి అక్షాలు తానికాయలేననీ, గుప్పిట్లోకి ఎన్ని వచ్చాయో చటుక్కున ఎంచగలవాడిదే గెలుపనీ పండితులంటారు. అదీ నేర్పు పనిచేసే ఆటే. రెండు ఘనాకారపు పాచికలకు ఆ గుణం లేదు. ప్రతి విసురూ మొదటి విసురే. 1956లో బెల్ ప్రయోగశాలలో జాన్ కెల్లీ కనుగొన్న సూత్రం చేతిలోని డబ్బులో ఎన్నో వంతు పందెం కాయాలో చెబుతుంది. అనుకూలత లేని ఆటకు అది ఇచ్చే జవాబు సున్నా.

మరి పాచికనే లొంగదీస్తే? ఈ ఆశకు భౌతికశాస్త్రంలో కొంత ఆధారం ఉంది. డబ్ల్యూ. ఎఫ్. ఆర్. వెల్డన్ అనే ఆంగ్ల జీవశాస్త్రవేత్త 12 పాచికలను 26,306 సార్లు విసిరిన ఫలితాలను 1894లో రాసిపెట్టాడు. 5 గానీ 6 గానీ పడటం 33.33 శాతం ఉండాల్సింది 33.77 వచ్చింది. చుక్కల కోసం ఎక్కువ గుంటలు తొలిచిన ముఖాలు తేలికై పైకి తేలతాయని వివరణ. కార్ల్ పియర్సన్ 1900లో ప్రకటించిన కై-వర్గ పరీక్షకు ఈ అంకెలే ఒక ఉదాహరణ. గణాంకశాస్త్రానికి పాచికలు చేసిన ఉపకారం అది. 2012లో పోలండ్ శాస్త్రవేత్తలు అధిక వేగపు కెమెరాలతో చూసి, గెంతులు తక్కువగా ఉన్నప్పుడు పాచిక మొదటి స్థితి ఫలితాన్ని కొంత ప్రభావితం చేస్తుందని తేల్చారు.

క్యాసినోలకు ఇదంతా ఎప్పుడో తెలుసు. వాళ్ల పాచికలు పారదర్శకమైన సెల్యులోజ్ అసిటేట్‌తో, పదునైన అంచులతో ఉంటాయి. తొలిచిన గుంటల్ని అదే సాంద్రత ఉన్న రంగుతో సమంగా పూడుస్తారు. ఒక్కోదానికీ వరస సంఖ్య. కొన్ని గంటలకొకసారి తీసేసి కొత్తవి పెడతారు. శకుని పాచికలకు ఇక్కడ చోటు లేదు. అంతకన్నా ముఖ్యమైంది బల్ల అవతలి గోడ. దాని నిండా పిరమిడ్ ఆకారపు రబ్బరు ముళ్లుంటాయి. పాచికలు దాన్ని తగిలి తీరాలి. గెంతులు పెంచి తొలి స్థితిని చెరిపేయడానికి పెట్టిన యంత్రం ఆ గోడ.

అయినా విసిరే తీరుతో 7లను తగ్గించగలమని నేర్పే శిక్షణలు నడిచాయి. స్టాన్‌ఫర్డ్ వాంగ్ అనే కలంపేరుతో రాసే జూద శాస్త్ర రచయిత 2004లో ఒక పందెం నడిపించాడు. 500 విసుర్లలో 7లు 79 లేదా అంతకన్నా తక్కువ రావాలి. సగటున రావాల్సింది 83. వచ్చినవి 74. పందెం గెలిచారు, చాలామంది నమ్మారు. కానీ ఏ నేర్పూ లేనివాడు కళ్లు మూసుకుని విసిరినా 79 లేదా తక్కువ వచ్చే అవకాశం మూడింట ఒక వంతు దాకా ఉంది. 74 లేదా తక్కువ రావడానికి ఏడింట ఒకటి. దీన్ని ఏ ప్రయోగశాలా రుజువు అనదు. ఆరింటికొకటి పడే 7ను ఆరున్నరకు ఒకటిగా మార్చానని చెప్పేవాడు, అది అదృష్టం కాదని చూపాలంటే కనీసం మూడు నాలుగు వేల విసుర్లు విసిరి ఒక్కటీ వదలకుండా రాసిపెట్టాలి. శిక్షణకు డబ్బు కట్టమన్నవాళ్లను ముందు ఆ విసుర్లు రాసిపెట్టిన పుస్తకం అడగాలి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి, చూడాల్సిన ఊళ్ల జాబితాలో వేగాస్ చేర్చుకునే తెలుగువాళ్లు చాలామందే. ఆ బల్ల దగ్గర ఒక గంట నిలబడాలని సరదా పుడితే ఖర్చు ఇలా వేసుకోండి. గంటకు 100 విసుర్లు. పాస్ లైన్ మీద పదేసి డాలర్లు కాస్తే గంటకు సుమారు 30 పందేలు తేలతాయి, సగటు ఖర్చు 4 డాలర్ల 20 సెంట్లు. ప్రతి విసురుకూ పదేసి డాలర్లు ఎనీ సెవెన్ మీద పెడితే అదే గంటకు, అవే పాచికలకు, 167 డాలర్లు. బల్ల మధ్య గడుల జోలికి వెళ్లకండి.